గొలుసు పట్టుకొచ్చిన మనిషి

నీరజా, గుట్ట దిగి రాగానే పాపకి పాలు పట్టు, సీసా ఐస్‌బాక్స్‌లో ఉంది. వ్యాన్ స్టార్ట్ చేయకు, చక్రం బురదలోకి ఇంకా దిగిపోతుంది. సీబీ రేడియో మాత్రం ఆన్‌లోనే ఉంచు. పిలుపు వస్తే మైక్ బటన్ నొక్కి మాట్లాడు, వదిలేసి విను. ఎవరైనా తలుపు కొడితే తీయి.

పొద్దున రేడియోలో ఎవరూ పలకలేదని చెప్పాను కదా, అది అబద్ధం. నువ్వు పాపతో గుట్ట మీద ఉన్నప్పుడు ఒకాయన పలికాడు. పికప్ వేసుకుని వచ్చాడు కూడా. ఇంత గడ్డం, చేతిలో లావుపాటి ఇనప గొలుసు. కర్టెన్ సందులోంచి చూసి భయపడ్డాను. తలుపు లాక్ చేసి, ఆయన ఎంత కొట్టినా తీయకుండా కూర్చున్నాను. బండి లాగడానికి గొలుసు తెమ్మని అడిగింది నేనే. నేపర్‌విల్‌లో ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు, ఈ రేడియో ఉంటే దారిలో మనుషులు సాయానికొస్తారని నీకు లెక్చర్ ఇచ్చిందీ నేనే.

వెళ్ళిపోయాక కూడా ఆయన "మీరంతా బాగానే ఉన్నారా, పాప ఎలా ఉంది" అని రేడియోలో అడుగుతూనే ఉన్నాడు. నేను వాల్యూమ్ తగ్గించేశాను.

ఇందాక నువ్వు పాపని చంకనేసుకుని, ఫోన్ సిగ్నల్ కోసం మళ్ళీ ఆ గుట్ట ఎక్కుతుంటే చూడలేకపోయాను. ఆయన్ని మళ్ళీ పిలిచాను. ఒక్క మాట అనకుండా వస్తానన్నాడు. రోడ్డు మలుపు దాకా ఎదురు వెళ్తున్నాను.

టీ ముగ్గురికి పెట్టు. పొద్దున తలుపెందుకు తీయలేదని ఆయన అడిగితే, నిద్రపోయామని చెప్పకు. నా పరువు కాపాడటం నీకు అలవాటు. ఈసారి వద్దు.