తొమ్మిదో నంబరు వెనకాల

లేహ్, జనవరి 6

ప్రియమైన నాయనకు,

మంచులోంచి నీ మోక్షిత రాస్తున్న ఉత్తరం. పెన్సిల్‌తో రాశానని నవ్వకు. ఇక్కడి చలికి పెన్నులో సిరా కూడా గడ్డకట్టి కూర్చుంది. మన సిమ్ ఇక్కడ పనిచేయదు, హాస్టల్ ఫోన్ దగ్గర ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు నిలబడి ఉంటారు. నేను చెప్పాల్సింది వాళ్ళ ముందు చెప్పేది కాదు.

అమ్మ అడిగినప్పుడల్లా బాగా ఆడుతున్నానని అంటున్నాను కదా. ఈ చలికాలం నేను ఒక్క గోల్ కూడా వేయలేదు నాయనా. తిరుపతిలో చక్రాల స్కేట్ల మీద హాకీ ఆడే రోజుల్లో, నేను గోల్ వేసినప్పుడల్లా తిరుచానూరు పూలంగళ్ళకు పొంగలి పంచినవాడివి నువ్వు. ఇక్కడ మంచు మీద ఆడడం మొదలుపెట్టాక మా కోచ్ మేడమ్ కొన్నాళ్ళు నన్ను ఊరికే గమనించింది. తర్వాత పిలిచి నా పని మార్చేసింది. ముందు వరసలోనే ఆడాలట, కానీ గోల్ వేయడం నా పని కాదట. అవతలి జట్టులో అందరికంటే బాగా గోల్స్ వేసే మనిషి ఎవరుంటే, ఆమెను వేయనివ్వకపోవడమే నా పనట. వేసినదాన్ని భుజాల మీదికి ఎత్తుకుంటారు. వేయనివ్వనిదాని వైపు ఎవరు చూస్తారు చెప్పు? పెళ్ళికి పిలిచి వాకిట్లో చెప్పులకు కాపలా పెట్టినట్టుంది నా పని. చాలా బాధగా ఉంది నాయనా, ఎవరితోనూ అనలేదు.

ఫిబ్రవరి మొదట్లో దేశం జట్టు క్యాంపుకు పేర్లు పంపుతారు. ఈ పనికి ఒప్పుకుంటేనే నా పేరు రాస్తానంటోంది మేడమ్. ఒప్పుకోకూడదనే అనుకుంటున్నాను. శ్రీ సిటీలో తను పనిచేసే ఫ్యాక్టరీలో ఖాళీ ఉందని మన లోకేశ్వరి చెప్పింది. ఆట మానేసి వచ్చి అక్కడ చేరిపోతాను. 25వ తేదీ ఆదివారం మా మ్యాచ్ ఫోన్లలో వస్తుంది. దయచేసి చూడొద్దు. గోల్ కోసం నువ్వు ఎదురుచూస్తూ కూర్చుంటావని తలుచుకుంటే నాకు ఆట సాగదు.

నీ మోక్షిత


తిరుచానూరు, జనవరి 26

బంగారు తల్లి మోక్షితకు నాయన ఆశీస్సులు.

చూడొద్దన్నావు కాబట్టే చూశాను. ఇన్ని వింతలు రాసి, చూడకు అంటే ఎట్లాగమ్మా? మునెమ్మ తన అంగట్లో చామంతి గంపకు ఫోన్ ఆనించి పెట్టింది. నేనూ మీ అమ్మా ఎదురుగా పీటలేసుకుని కూర్చున్నాం.

ముందు మీ అమ్మ సంగతి విను. నువ్వు మంచు మీదికి దిగి నిమిషం కాలేదు, బెంచీ మీదికి పిలిచారు. మళ్ళీ దింపారు, మళ్ళీ పిలిచారు. అమ్మవారి వాహనం మోసేవాడి పెళ్ళాం కదా మా కల్యాణవల్లి. ఊరేగింపు మధ్యలో ఒకణ్ణి వాహనం మోసే కొయ్య కింద నుంచి తప్పించారంటే, వాడి భుజం చాలలేదనే మన ఇళ్ళల్లో అర్థం. కల్యాణవల్లి మొహం చిన్నబోయింది. మునెమ్మ ఊరుకుంటుందా? "సూడు యతిరాజులన్నా, పాపను మళ్ళా బయటికి పిలిసినారు. ఒంట్లో బాగుండాదో లేదో" అంది. దాంతో మీ అమ్మ కూర్చున్నచోటే అమ్మవారికి మొక్కేసింది. ఒక్కసారైనా బయటికి పిలవకుండా నువ్వు మ్యాచంతా ఆడితే గుడి చుట్టూ పొర్లుదండాలు పెడుతుందట.

ఇక నా సంగతి. మీరు కొట్టుకునే ఆ నల్ల రబ్బరు బిళ్ళ నాకు కనపడనే లేదు. మునెమ్మకూ కనపడలేదు గానీ కనపడినట్టు అరుస్తూ ఉండింది. నాకు అలవాటైన చూపు వేరు. వాహనం కింద తల ఎత్తడానికి ఉండదు, ముందువాడి మడమలే మాకు దారి. అందుకని నేను కాళ్ళు చూశాను. ఎర్ర మేజోళ్ళ అమ్మాయి ఉంది చూడు, తొమ్మిదో నంబరు, ఆమె ఎటు తిరిగితే అటు నీ కాళ్ళు. వెంట పడుతున్నావని మొదట అనుకున్నాను. కాదు. ఆమె పోవాలనుకున్న చోటికి ఆమెకంటే ముందే పోయి నిలబడుతున్నావు. చివరికి ఆ పిల్ల విసుగెత్తి చేతిలోని స్టిక్‌ను బెంచీకేసి కొట్టింది. పాపం అనిపించింది గానీ నవ్వాగలేదు.

ఇష్టం లేకపోతే వచ్చేయ్ తల్లీ. నిన్ను ఎవరూ ఏమీ అనరు, అననివ్వను. కాకపోతే వచ్చేముందు ఒక్కటి రాసి పంపు. అది తెలియక నిన్నటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. ఆమె ఎటు తిరుగుతుందో, తిరగకముందే నీకెట్లా తెలుస్తోంది?

మీ నాయన
యతిరాజులు


లేహ్, ఫిబ్రవరి 3

నాయనా,

నీ ప్రశ్నకు రెండు ముక్కల్లో జవాబు రాసి, కింద వచ్చేస్తున్నానని రాద్దామనే కూర్చున్నాను. పెన్సిల్ అరిగిపోయింది గానీ జవాబు అయిపోలేదు.

తొమ్మిదో నంబరు కుడికి తిరిగే ముందు ఎడమ భుజం కాస్త దించుతుంది. బిళ్ళను పక్కవాళ్ళకు ఇచ్చేయాలనుకుంటే గడ్డం ఎత్తుతుంది. అలిసిపోతే అంచు గోడ దగ్గరికి జరుగుతుంది. ఇవి తనలో ఉన్నాయని ఆమెకే తెలియదు, నాకు తెలుసు. ఆమె పాత మ్యాచ్‌లు చూస్తూ రెండు పూటలు తిండి మరిచిపోయాను. ఇవన్నీ రాస్తుంటే నాకే విడ్డూరంగా ఉంది. ఏడుస్తూ చేస్తున్నాననుకున్న పనిలోకి ఇంత సంబరం ఎప్పుడు దూరిందో!

ఈ చూపు నాకు ఎక్కడిదా అని కూడా ఆలోచించాను. బ్రహ్మోత్సవాల్లో గజవాహనం రోజు నీ పక్కనే నడిచేదాన్ని, గుర్తుందా? జనమంతా అమ్మవారిని చూసేవాళ్ళు. పొట్టిదాన్ని, నాకు నీ కాళ్ళే కనపడేవి. నువ్వు భుజం మార్చుకోబోయే ముందు నీ ఎడమ మడమ ఒక్క క్షణం నేల మీద ఆగేది. అది చూసి "ఇప్పుడు మార్చుకుంటాడు సూడు" అని అమ్మతో అనేదాన్ని. నువ్వు మార్చుకునేవాడివి. నాకేదో మహిమ ఉందని అమ్మ దిష్టి తీసేది.

నిన్న మేడమ్ దగ్గరికి పోయి నా పేరు రాయమన్నాను. ఈ ఆట ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. తిరుచానూరు మాడవీధుల్లో అన్నాను. అక్కడ అంత మంచు పడుతుందా అంది, పిచ్చి తల్లి.

ఈ ఆటలో ఊపిరి తీసుకోవడానికి అందరినీ నిమిషానికోసారి బయటికి పిలుస్తారని అమ్మకు చెప్పు. ఆ మొక్కు ఈ జన్మలో తీర్చే పని పడదు, పొర్లుదండాలు తప్పాయి. నువ్వు మాత్రం పూలంగళ్ళకు పొంగలి పంచు. గోల్ వేయకపోతే పొంగలి ఎందుకని మునెమ్మ అడుగుతుంది. మా అమ్మాయి వేయలేదు, ఆ తొమ్మిదో నంబరు కూడా వేయలేదు అని చెప్పు.

నీ మోక్షిత