మురుకుల డబ్బా అడుగున ఫోను

పణజి, ఆదివారం

అమ్మకు నీ బిడ్డ కరుణ వందనాలు. దేవుని దయవల్ల నేను ఇక్కడ వేళకు తింటూ, వేళకు పడుకుంటూ బాగున్నాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? శేరిగూడ హాస్టల్ మెస్సులో ఇంకా నిలబడే రొట్టెలు చేస్తున్నావా, నేను చెప్పినట్టు ఒక స్టూలు అడిగావా? అడగవు, నాకు తెలుసు. చిన్నమ్మా పిల్లలూ బాగున్నారని అనుకుంటున్నాను.

బాపు పోయినప్పటి నుంచి నా ఉత్తరాలు నీకు చదివి వినిపించేది ప్రవీణే కదా. ఒరేయ్ తమ్ముడూ, మంచినీళ్లు తాగి కూర్చో. ఈసారి ఉత్తరం కాస్త పొడుగు.

ఇక్కడ వాన మొదలైతే ఆగదు. ఉతికిన బట్ట మూడు రోజులైనా తడిగానే ఉంటుంది. కొబ్బరి లేని కూర కనబడదు. చేపలు మాత్రం బాగుంటాయి, ఆ మాట ఒప్పుకోవాలి. నాకు జొన్నరొట్టె మీదే ప్రాణం, కుదిరితే ఈసారి పిండి పంపు, దాంతో కొంచెం ఎల్లిపాయ కారం. ఆదివారం చర్చిలో పాటలన్నీ కొంకణిలోనే. రాగం తెలుసు, మాటలు తెలియవు, పెదవులు కదిపి వస్తాను. అప్పుడు మాత్రం ఇల్లు గుర్తొచ్చి ఏడుపొస్తుంది. నువ్వు ఫికరు పెట్టుకోకు, గుమ్మం దాటేసరికి సర్దుకుంటాను.

పని బాగానే సాగుతోంది. నది మీద నిలిపిన పెద్ద పడవలో జూదం ఆడిస్తారని చెప్పాను కదా. ఇక్కడి సర్కారు ఒప్పుకున్నదే. నేను ఆట దగ్గరికి పోను. గట్టు మీద కౌంటర్లో కూర్చుని, వచ్చినవాళ్ల గుర్తింపు కార్డు చూసి లోపలికి పంపుతాను. హైదరాబాదు వాళ్లు బాగా వస్తారు, తెలుగు వచ్చనే నన్ను తీసుకున్నారు. ఇందులో ఒక వింత ఉంది. కార్డు మీద గోవా చిరునామా ఉంటే వెనక్కి పంపాలి. ఇక్కడివాళ్లు ఆడకూడదని ఇక్కడి చట్టమే చెబుతుంది. మొన్న ఒక పెద్దమనిషి, నది మాది, ఊరు మాది, నాకే తలుపు మూస్తారా అని గట్టిగా తగులుకున్నాడు. రూలు చూపించి పంపేశాను. ఊరందరికీ వండిపెట్టి తన పిల్లలను మాత్రం ఆ గిన్నె ముట్టనివ్వని మనిషిని చూస్తే, ఆ వంట ఎలాంటిదో వేరే చెప్పాలా?

ఇక నువ్వు పంపిన డబ్బా సంగతి. మురుకులు ఒక్కటీ విరగకుండా చేరాయి. అడుగున కాగితం కింద ప్రవీణ్ పాత ఫోను కూడా చేరింది. అది నువ్వు పెట్టింది కాదని నాకు తెలుసు. తమ్ముడూ, ఇక్కడ దగ్గు తెచ్చుకోకు, చదువు.

వెంటనే వాడికి ఫోన్ చేశాను. వాడి తెలివి వినమ్మా. ఫోనులో డబ్బు పెట్టి ఆడే జూదం మన తెలంగాణలో నేరం. ఆ ఆట తెరవగానే నువ్వు ఏ రాష్ట్రంలో ఉన్నావని చూసుకుంటుందట. అందుకని ఈ ఫోను గోవాలో నా గదిలో చార్జింగులో ఉండాలి, వీడు ఇబ్రహీంపట్నంలో కూర్చుని ఇంకో ఫోను నుంచి దీన్ని నడిపిస్తాడు. మీర్‌పేట్ స్నేహితులు చెప్పిన ఉపాయమట.

"అక్కా, మన దగ్గర బంద్ గని, ఆడ సర్కారే లైసెన్స్ ఇచ్చింది. ఫోన్ ఆడుంటే ఆట గూడ ఆడ ఆడినట్టే. అండ్ల తప్పేముంది?" అన్నాడు.

"మరి నీ వేలు ఏడుంటదిరా?" అని అడిగాను.

వేలి సంగతి వదిలేశాడు. ఇంకా ఒక్కసారి కూడా ఆడలేదన్నాడు. నేను నమ్మాను. ఉద్యోగం కాగితం కోసం నెలల తరబడి ఉత్తగా కూర్చుంటే పిచ్చి లేస్తోందన్నాడు. అది కూడా నమ్మాను.

అయినా నా మాటే వేదం కాదని మా ఇంటి ఓనరమ్మను అడిగాను, ఆమె వకీలు. పడవకిచ్చిన లైసెన్సు పడవకే, ఫోనుకు కాదంది. పైగా ఇప్పుడు కేంద్రం కొత్త చట్టం తెచ్చి ఇలాంటి ఆటలను దేశమంతటా నిషేధించింది, ఇంకా నడిచేవి దొంగచాటువేనట. అది నడిపేవాళ్లను పట్టుకుంటుంది, మన తెలంగాణ చట్టం ఆడేవాణ్ణి కూడా వదలదు. అమ్మా, వీడు కానిస్టేబులుగా ఎంపికయ్యాడు, కేసులేమైనా ఉన్నాయా అని చూసే ఎంక్వైరీకి ఇంకా మనిషి రావాలి. తెల్లవారుజామున లేపి, గుడ్లు ఉడకబెట్టి పెట్టి, నువ్వు పరుగుకు పంపిన మూడేళ్లు ఒక్క కేసుతో పోతాయి. ఇలాంటివాళ్లను పట్టుకోవాల్సినవాడు పట్టుబడితే మనం తలెత్తుకోగలమా? నాకు భయం వేసింది, అందుకే రాస్తున్నాను.

ఇక్కడిదాకా విన్నావంటే వాణ్ణి తిట్టకు. కాగితం వాడి చేతిలోనే ఉంది. వానా కొబ్బరీ చదివి మడిచేసినా నీకు తెలిసేది కాదు. చదివాడంటే నా తమ్ముడు ఎక్కడికీ పోలేదు.

ఖాళీ గిన్నె వాపసు చేయొద్దు బిడ్డా అంటావు కదా. డబ్బా నిండా జీడిపప్పు పోశాను, చిన్నమ్మకు కూడా పంచు. అడుగున ఫోను ఉంది, ఆ ఆట తీసేశాను, సిమ్ము అందులోనే ఉంది. ఇకనుంచి ఆ ఫోను నీది. నాతో మాట్లాడాలంటే ఇక వాడి కోసం ఎదురుచూడక్కర్లేదు. పెద్దబాపుకు, పాస్టరు గారికి నా వందనాలు చెప్పు. నా కోసం ప్రార్థన చెయ్యి, వాడి కోసం ఇంకొంచెం ఎక్కువ చెయ్యి.

నీ బిడ్డ,
కరుణ

తమ్ముడూ, ఇది కూడా చదువు. వచ్చే ఆదివారం అమ్మ ఆ ఫోను నుంచే నాకు చేయాలి. చర్చి నుంచి రాగానే ఆ నంబరు కోసం చూస్తూ కూర్చుంటాను.