ముల్లంగి తొక్క మీద తంకా

నాగవోకా,
మార్చి మొదటి వారం

ఏమండీ,

నమస్కారం. ఇక్కడ అత్తయ్యా నేనూ కులాసా. ఉద్యోగం కోసం వెళ్ళిన ఆ కుషిరోలో చలిగాలికి మీ చెవులు పదిలంగా ఉన్నాయని తలుస్తాను. మన వాకిట్లో మంచు మోకాలి దాకా దిగింది. గోడ పక్క ప్లమ్ చెట్టుకు మొగ్గలు కనిపిస్తున్నాయి.

మీరు అడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను, లేకపోతే ఏదో ఒకటి వదిలేస్తాను. కప్పు మీది మంచును పక్కింటి కొజిమా గారు దింపిపెట్టారు. బదులుగా ఊరగాయ పంపాను. కిరోసిన్ పొయ్యికి వత్తి మార్పించాను, ఇప్పుడు వాసన లేదు. అత్తయ్య మోకాలు నయం. నోరు ఎప్పటిలాగే ఉంది. "తంకాలకి ఇంకా వేళ్ళు మడుస్తూనే ఉన్నావా?" అని వెక్కిరించారు. మడుస్తూనే ఉన్నాను. బియ్యం కడుగుతూ మడిస్తే ఆ అయిదు పాదాల పద్యానికి అక్షరాల లెక్క తప్పుతోందని ఇప్పుడు బస్సులో మడుస్తున్నాను. మొన్న ఎదుటి సీటులో పెద్దావిడ నేను జపం చేసుకుంటున్నాననుకుని దణ్ణం పెట్టింది. నేనూ తిరిగి పెట్టాను, ఇంకేం చేయను?

అసలు సంగతి. మా తంకా బృందానికి పెద్ద అయిన కువబరా గురువుగారు నన్ను పుస్తకం వేయమన్నారు. ఇన్నేళ్ళూ వంటింటి క్యాలెండరు అంచుల మీద రాసుకున్నవన్నీ ఏరి, శరదృతువుకి అచ్చు వేయిద్దామన్నారు. రెండు రోజులు అన్నం కూడా కుదురుగా వండలేకపోయాను. అయితే ఆవిడ ఒక షరతు పెట్టారు. "నీ పద్యాల నిండా మీ ఇంటివాళ్ళే ఉన్నారు. వాళ్ళు చదివి సరేనంటేనే అచ్చు. వద్దన్న పద్యం ఎంత బాగున్నా తీసేయాల్సిందే." నా పుస్తకంలో ఇంటివాళ్ళంటే మీరూ, అత్తయ్యా. పిల్లల మీద రాసినవాటికి వాళ్ళు ఫోనులోనే సరే అనేశారు, వినకుండానే.

అత్తయ్యకు ఎలా చెప్పాలా అని నెల రోజులు నానుస్తూ కూర్చున్నాను. చివరికి నేను చెప్పనే లేదు, దానంతటదే బయటపడింది.

పోయిన ఆదివారం మంచు ఆగకుండా పడుతుంటే అత్తయ్యను ఒంటరిగా వదల్లేక మా తంకా గోష్ఠికి వెంట తీసుకెళ్ళాను. "వెచ్చగా ఉంటుందా? టీ ఇస్తారా? అయితే వస్తా," అన్నారు. మా గోష్ఠి పద్ధతి మీకు తెలుసుగా. అందరి పద్యాలూ పేర్లు లేకుండా ఒకే కాగితం మీద ఉంటాయి. నచ్చినదానికి ఓటు వేసి, ఎందుకు నచ్చిందో, ఎందుకు నచ్చలేదో చెప్పాలి. రాసినవాళ్ళు కూడా తమ పద్యాన్ని పరాయివాళ్ళదే అన్నట్టు మాట్లాడాలి. పేరు ఆఖర్న చెప్పాలి. ఆ కాగితం మీద నాది ఇది:

ముల్లంగి తొక్క
మందంగా చెక్కానని
అత్తగారి మౌనం—
ఆ మౌనంతోనే మర్నాడు
తొక్కల వేపుడు చేసింది

మన ఊళ్ళో ఏ అత్తగారు మాత్రం తొక్కలు పారేస్తుంది? అందుకే అది తన మీదేనని ఆవిడకు తట్టలేదు. ఎక్కడ తడుతుందోనని నా భయం. దాన్ని ఎలాగైనా మరుగున పడేయాలన్న తొందరలో నా వంతు రాగానే దులిపేశాను. "'మౌనం' రెండోసారి దండగ. ఈ కోడలికి సణుగుడు ఎక్కువ. వంటింటి గొడవ వంటింట్లోనే ఉంటే పోయేది," అన్నాను. నేను పద్యాలను పట్టిపట్టి చూస్తానని పేరు కదా, అందరూ తలలాడించారు. ఒక్క ఓటూ పడలేదు.

అత్తయ్య టీ కప్పు ఠపీమని పెట్టారు.

"నీకేం తెలుసే హరుయో! ఒక్కసారి మౌనం అంటే అది కోపం. రెండోసారి అంటేనే ఆ ముసలావిడ మనసు తెలుస్తుంది. తిట్టిందా? లేదు. పారేసిందా? లేదు. వండిపెట్టింది. ఆ కోడలు అది కనిపెట్టి రాసింది. ఎవరో గానీ బుద్ధిమంతురాలు, నీలా కాదు. నా ఓటు దీనికే!"

గురువుగారు నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నారు. పేర్ల వంతు వచ్చింది. తలవంచుకుని, "ఉసుయి హరుయో," అన్నాను.

అత్తయ్య కాగితం మళ్ళీ పైనుంచి కిందికి చదివారు.

"అయితే ఆ వేపుడు నాదా?"

"మీదే అత్తయ్యా."

"బాగుందని నాతో ఒక్కనాడైనా అన్నావా?"

"మీరు మాత్రం తొక్క మందంగా ఉందని అన్నారా?"

ఆవిడే ముందు నవ్వారు. తర్వాత గది మొత్తం నవ్వింది. తిరిగి వస్తూ బస్సులో పుస్తకం మాట చెప్పేశాను. "నా పేరు వేస్తావా?" అన్నారు. "పేర్లుండవు అత్తయ్యా." "వేయకపోతే అది నేనేనని వీధిలో వాళ్ళకి ఎలా తెలుస్తుంది?" ఆవిడ సరేనన్నట్టే.

ఇక మిగిలింది మీరు. మీ మీదివి చాలానే ఉన్నాయి. మీ గొంతు కోసం ఫోను పక్కనే బట్టలు మడతపెట్టుకున్న రోజులవి, మీ దుప్పటి ఎండేసిన రోజువి. అవి మీకు నచ్చుతాయి. కానీ ప్రతి ఉత్తరం చివరా "ఒంటరిగా ఉందా?" అని అడుగుతారు చూశారా, దానికి నేనెప్పుడూ జవాబు రాయలేదు. తంకాలో రాశాను:

సాగనంపి ఏడ్చాను
స్టేషన్లో, అది నిజమే—
దారిలోనే కొన్నాను
మీకు వాసన పడని ఎండుచేప
తలుపులు తీసి కాల్చుకున్నా

అంతే కాదండీ. ఆ రాత్రి పరుపు గది నడుమ పరుచుకుని పడుకున్నాను. హాయిగా నిద్ర పట్టింది. ఆ తర్వాత కూడా చాలా రోజులు అలాగే పట్టింది. మీరు నొచ్చుకుంటారని ఇన్నాళ్ళూ చెప్పలేదు. నిన్న అత్తయ్యకు పద్యం వినిపించి ఈ నిద్ర మాట కూడా చెబితే, "మీ మామగారు ఒసాకాలో ఉద్యోగం చేసిన రోజుల్లో నేనూ అలాగే పడుకున్నా. చెప్పుకోడానికి నాకు తంకాలు రాలేదు, అంతే. వాడికి పంపు," అన్నారు.

వద్దంటే తీసేస్తాను, మనసులో ఏమీ పెట్టుకోను. కానీ అప్పుడు మీ మీద బెంగతో రాసినవి కూడా తీసేస్తాను. ఇది పక్కన లేకుండా అవి నాకే నమ్మబుద్ధి కావడం లేదు. తొందరేం లేదు, నిదానంగా ఆలోచించి రాయండి.

ఇట్లు,
బెంగగానూ, హాయిగానూ ఉన్న
మీ ఇల్లాలు
హరుయో