భీమిలిలో ఒక మధ్యాహ్నపు నిద్ర

రేణుకా,

క్షేమంగా చేరాను. ఫోన్ చేస్తే "ఇల్లు ఖాయమా, కాదా?" అని ముందే అడుగుతవు, అందుకే కార్డు.

ఇంటి ఓనరు వీరలక్ష్మి గారు తాళం తీసిచ్చారు. ఖాళీ గదిలో చాప మీద నడుం వాల్చి అలల చప్పుడు వింటూ నిద్రపోయాను. లేచేసరికి రెండు గంటలు గడిచాయి.

"ఈ హోరు ఎప్పుడూ ఇట్లనే ఉంటదా?" అని అడిగాను.

"ఏ హోరండీ?" అన్నారామె.

ఒక్కరి మాట మీద మేం విలేకరులం వార్త రాయం కదా. పక్కింటాయనను, వల అల్లుతున్న పెద్దాయనను కూడా అడిగాను. ఇద్దరూ చెవి ఒగ్గి విని, నన్ను జాలిగా చూశారు.

పుప్పాలగూడలో మన కిటికీ వెనక బండలు కొట్టే మిషన్ మూడేళ్లయినా నీకు అలవాటు కాలేదు. సముద్రానిదీ చప్పుడే. నీకు పడుతుందో లేదో నేను చెప్పలేను. శుక్రవారం రైలెక్కు, నీ దిండు తెచ్చుకో. నీళ్ల ట్యాంకర్ వచ్చిందా? అత్తమ్మ మోకాలు ఎట్లుంది? నా దండాలు చెప్పు.

ఇల్లు తీసుకుంటామని వీరలక్ష్మి గారికి ఇంకా మాట ఇవ్వలేదు. నువ్వు ఆ చాప మీద నిద్రపోతే, లేపకుండా వెళ్లి ఇచ్చి వస్తాను.

సుదర్శన్