బీరువా తాళంలో పెన్సిల్ పొడి

మార్చి 3, సోమవారం

షాపు తెరిచి గంట కూడా కాలేదు, ఇద్దరు పోలీసులు వచ్చారు. పోయిన సోమవారం మూడో అంతస్తు ఫ్లాట్ తలుపు తీసింది నువ్వేనా అన్నారు. తలుపులు తీయడమే నా పని, తీశాను అన్నాను. అయితే స్టేషన్‌కి పద అన్నారు. నాలుగింటి దాకా బెంచీ మీద కూర్చోబెట్టి, పిలిచినప్పుడల్లా రావాలని సంతకం పెట్టించుకుని పంపారు. నా పనిముట్ల సంచీ అక్కడే ఉంచేసుకున్నారు. దొంగతనానికి సాయం చేశానట! పక్క షాపులో స్క్రూడ్రైవర్ తెచ్చుకుంటే పది నిమిషాల్లో తిరిగిచ్చేదాన్ని నేను.

మామయ్యకు ఇంకా చెప్పలేదు. షాపు ఆయనది, విద్యా ఆయనదే. కోడలికి తాళాల పనేమిటని చుట్టాలు నవ్వుతుంటే పంతం పట్టి నేర్పిన మనిషి. ఆయన ముందుకు ఏ మొహం పెట్టుకుని వెళ్లను?

మార్చి 4

చెప్పాను. ఆయన ఒక్కటే అడిగారు, అడిగావా అమ్మాయ్ అని.

అది మా షాపు రూలు. తాళంచెవి పోయింది, మా ఇంటి తలుపు తియ్యమని ఎవరొచ్చినా, పని మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్న వేస్తాం. తలుపు తెరవగానే ఎదురుగా ఏం కనిపిస్తుంది? చెప్పింది కనిపిస్తే లోపలికి పంపుతాం. కనిపించకపోతే తలుపు మూసి, తాళం వేసి వచ్చేస్తాం.

అడిగాను మామయ్యా అన్నాను. హమ్మయ్య అనుకుని పేపర్ తీశారు. జవాబు సరిపోయిందా అని అడగలేదు. నేనూ చెప్పలేదు.

మార్చి 6, గురువారం

నా కేసు చూసే ప్లీడరమ్మ నాకన్నా చిన్నది, కానీ మాట కత్తెర. అనుమతి లేకుండా ఇంట్లో అడుగుపెడితే ఒక నేరం అంది. లోపలున్నది పట్టుకుపోతే ఇంకోటి. అందుకోసం తాళం పగలగొడితే ఇంకా పెద్దది. పక్కన నిలబడి సాయం చేసినవాళ్లనీ వదలరట. అన్నిటికీ ముందు మాత్రం ఒకటి చూస్తారట, తెలిసి చేశావా, తెలియక చేశావా అని.

కేసేమిటో అప్పుడు అర్థమైంది. ఆ ఫ్లాట్ భర్తది. నన్ను పిలిచిన ఆవిడ ఏడాది కిందటే ఇల్లు వదిలిపోయిన భార్య. ఆమె బీరువా తాళం బద్దలుకొట్టి అత్తగారి నగలు ఎత్తుకుపోయిందని భర్త ఫిర్యాదు. తాళాలావిడ వీధి తలుపు తీసి వెళ్లిపోయింది, తనకేమీ తెలియదు అని ఆవిడ పోలీసులకు చెప్పిందట. మీరూ ఆ మాట మీదే ఉండండి, రెండు వాయిదాల్లో బయటపడతారు, లైసెన్సుకీ ఢోకా ఉండదు అంది ప్లీడరమ్మ. నోరు కాస్త అదుపులో పెట్టుకోండి అని కూడా అంది. నా వాలకం చూసే అని ఉంటుంది.

మార్చి 7

ఆ ఫ్లాట్ ఆవిడ నన్ను కాపాడింది. ఆవిడకు నా పేరైనా తెలియదు.

మార్చి 9, ఆదివారం, ఉదయం 6:40

ఇక్కడైనా నిజం రాసుకోవాలి, లేకపోతే నా బుర్ర పగిలేలా ఉంది.

నీలం కుర్చీ కనిపిస్తుంది, ఒక చెయ్యి విరిగి ఉంటుంది అంది ఆవిడ. తలుపు తీశాను. కుర్చీ లేదు. ప్లాస్టిక్ కవరైనా విప్పని కొత్త సోఫా ఉంది. తీసేశాడన్నమాట అంది, నాతో కాదు, ఆ సోఫాతో. ఆ క్షణమే నాకు తెలిసిపోయింది, ఈమె ఇక్కడ ఉండటం లేదని. తలుపు మూసి వచ్చేయాలి. చెయ్యి గడియ మీదే ఉంది కూడా.

నర్సు ఉద్యోగానికి రేపు పదింటికి ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించాలి, బీరువాలో ఉన్నాయి, ఏడాదిగా బతిమాలుతున్నా ఇవ్వడం లేదు అంది. ఏడ్చి ఉంటే నాటకం అనుకునేదాన్ని. ఏడవలేదు, వాచీ చూసుకుంది. నేను లోపలికి వెళ్లి బీరువా కూడా తీశాను. ఒక్క ఫైలు తీసుకుంది. పక్కనే నగల పెట్టె. దాని మీద కప్పిన తువ్వాలు కూడా కదపలేదు. బీరువా మళ్లీ మూసి తాళం వేశాను. తలుపు మీద గీత పడలేదు.

మరి ఆ తాళం పగలగొట్టిందెవరు?

మార్చి 10

ఇంకెవరు.

మార్చి 13, గురువారం

ప్లీడరమ్మ ఫోటో చూపించింది. తాళాన్ని సుత్తితో చితకబాదారు. దాన్ని చూడగానే ఒకటి గుర్తొచ్చింది. మా షాపుకి ఇంకో అలవాటు ఉంది. పెన్సిల్ లోపలి నల్లపుల్లను గీకి, తీసిన ప్రతి తాళంలోనూ ఆ పొడి చిటికెడు వేసి మూస్తాం. తాళం మెత్తగా తిరుగుతుంది. ఆలోచించి చేసేది కాదు, చెయ్యి దానంతటదే చేస్తుంది. ఆ రోజూ వేశాను.

ఉండబట్టలేక అంతా చెప్పేశాను. ప్లీడరమ్మ పెన్ను కింద పెట్టింది. ఆ పొడి బయటపడితే భర్త కథ కూలిపోతుంది, శుభ్రంగా తెరిచి మూసిన తాళాన్ని ఎవరూ బద్దలుకొట్టరు అంది. కానీ తెరిచిన చెయ్యి మీదేనని మీరే ఒప్పుకున్నట్టు అంది. తెలిసి చేశారని తేలితే లైసెన్స్ పోతుంది, జైలు కూడా పడొచ్చు, నేను అడ్డుపడలేను అంది. చెప్పకపోతే ఆవిడకి ఎన్నేళ్లు అని అడిగాను. మూడుకి తక్కువ ఉండదు అంది.

మా ఆయన ఫోన్లో అరిచాడు. ఎవరో ముక్కూ మొహం తెలియనామె కోసం కొంప ముంచుతావా, నోరు కుట్టేసుకో అన్నాడు. తప్పేం కాదు. నాకూ భయంగానే ఉంది. చాలా భయంగా ఉంది.

మార్చి 14

మామయ్యకు కుర్చీ సంగతి చెప్పాను. టీ తాగడం పూర్తిచేశారు. నేనైతే మూసి వచ్చేసేవాణ్ణి అన్నారు. మెత్తగా ఏమీ అనలేదు. నా తల వాలిపోయింది.

తర్వాత గ్లాసు కడుక్కొచ్చి, పొడి వేశావా అన్నారు. వేశాను. ఎంత? చిటికెడు. అయితే ఎంత చితక్కొట్టినా లోపల ఉండే ఉంటుంది అన్నారు.

ఏప్రిల్ 17, ఉదయం 9:50, కోర్టు వరండా

ఎదురు బెంచీ మీద ఆవిడ. కేసు తేలేదాకా ఉద్యోగంలో చేరొద్దన్నారట. పట్టుబట్టి నా వైపు చూడటం లేదు. భర్త మాత్రం, నేనేదో అతని తరఫు మనిషినైనట్టు తల పంకించాడు. ఒళ్లు మండిపోయింది.

పిలుస్తున్నారు.

మధ్యాహ్నం 1:15

చెప్పేశాను. కుర్చీ లేదనీ, తెలిసే తీశాననీ, తాళం విప్పి చూడమనీ. జడ్జిగారు రెండుసార్లు అడిగారు, ఏం చెబుతున్నావో అర్థమవుతోందా అని. అవుతోందండీ అన్నాను. ఆవిడ అప్పుడు చూసింది నా వైపు. తాళం ల్యాబ్‌కి పంపుతున్నారు.

మే 8, గురువారం

పొడి ఉంది. దొంగతనం కేసు కొట్టేశారు. తన ఫైలు తను తీసుకుందని మందలించి ఆవిణ్ణి వదిలేశారు. నగల గురించి ఇప్పుడు భర్తనే పిలిపిస్తున్నారు. నాకు ఒక నెల జైలు, లైసెన్స్ రద్దు. మామయ్య బోర్డు దించేశారు. స్టేషన్ నుంచి తిరిగొచ్చిన పనిముట్లకు మాత్రం నూనె రాసి కూర్చున్నారు.

మే 12

ఇక్కడ పెన్ను ఇవ్వరు, పెన్సిల్ ఇచ్చారు. ఈ గది తాళంతో వార్డరమ్మ రోజూ పొద్దున్నే కుస్తీ పడుతోంది. రేపు ఇది కాస్త గీకి ఇస్తాను.