అన్నయ్య నొప్పి

రాయపూర్,
18-7-2011

పూజ్యుడైన అన్నయ్యకు,

తమ్ముడు నమస్కరించి రాసేది. నీ దయవల్ల ఇక్కడ ముగ్గురమూ కులాసా. పలాసలో నువ్వూ వదినా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

కుట్లు మానాయా, దగ్గితే లాగుతోందా అని అడిగావు. కుట్లు తీసేశారు. దగ్గినా తుమ్మినా ఇబ్బంది లేదు. నిన్న పండరీ బజారు దాకా నడిచివెళ్లి మన పిల్ల ప్రీతికి స్కూలు గుడ్డ తెచ్చాను. "హెర్నియా కోసింది డాక్టరమ్మ, రొమ్ము విరుచుకు తిరిగేది ఈయన" అని నీ మరదలు ఊర్మిళ వెక్కిరిస్తోంది.

ఇదంతా నీ ఉత్తరం చలవే. ఆపరేషన్‌కి ముందు నీ సంగతి డాక్టరుకి చెప్పమని రాశావు కదా, ఆ కాయితం పట్టుకెళ్లి రాజశ్రీ డాక్టరమ్మకి హిందీలో చదివి వినిపించాను. నీకు హెర్నియా కోసి తొమ్మిదేళ్లయినా గజ్జ నుంచి తొడ లోపలి దాకా కారం రాసినట్టు మండుతుందనీ, లుంగీ తగిలినా ఓర్చుకోలేవనీ విని ఆవిడ పెన్ను కింద పెట్టింది. "భయ్యాది నరం నొప్పి అయ్యుంటుంది. ఆ నరాలు అందరికీ ఒకేచోట ఉండవు. ఒకే మనిషికి కుడివైపు ఒకలా, ఎడమవైపు ఒకలా ఉండొచ్చు. చూసుకోకపోతే కుట్టులో పడిపోతాయి" అంది.

ఆపరేషన్‌లో నాకు నడుము కిందికే మత్తిచ్చారు కనుక మాటలు వినిపించాయి. "నరం ఉండాల్సిన చోట లేదు. రుకో, పహలే ఢూంఢో" అని, ముందు దాన్ని వెతకమంది డాక్టరమ్మ. కాసేపటికి "మిల్ గయా", దొరికింది అంది. సరిగ్గా కుట్టు పడే చోటే వారగా పోతోందట. దాన్ని పక్కకి తప్పించి, జాలీ అని వలలాంటి గుడ్డ వేసి కుట్టింది. తెరకి ఇవతల పడుకుని నేను నిన్నే తలుచుకున్నాను. నువ్వు పడ్డ బాధే నన్ను కాపాడింది అన్నయ్యా. నీ రుణం ఈ జన్మకి తీరదు.

ఇంకోటి కూడా అడిగావు. ధర్సీవా ఫ్యాక్టరీలో మనం పనిచేసేటప్పుడు, నీది దొంగనొప్పి అని సేఠ్‌కి ఎవరు చెప్పారో ఎప్పుడైనా తెలిసిందా అని. ఫోనులో చెప్పే నోరు లేక రాస్తున్నాను. చెప్పింది నేనే. నువ్వు మొయ్యలేని ఇనపకడ్డీలు నా భుజం మీద పడుతున్నాయని కడుపుమంట. నీ నొప్పి నిజమేనా అని సేఠ్ అడగ్గానే "ఇంట్లో బాగానే తిరుగుతాడండీ" అన్నాను. మర్నాడే నీ పని పోయింది. నువ్వు రైలెక్కుతుంటే సంచీ అందించింది కూడా నేనే.

నీ నొప్పి ఇప్పుడైనా చూడొచ్చంటోంది డాక్టరమ్మ. పూర్తిగా పోతుందని మాటివ్వలేదు. వచ్చే సోమవారానికి నీ పేరు రాయించాను. నా గడప తొక్కనంటే ఆసుపత్రికే వస్తాను. నన్ను తిట్టడానికైనా రా.

నువ్వు ఇంట్లో ఎలా తిరిగేవాడివో ఆవిడ నన్నూ అడుగుతుంది. గోడ పట్టుకుని తిరిగేవాడు, నేను రోజూ చూసేవాణ్ణి అని చెబుతాను.

ఇట్లు,
నీ తమ్ముడు
మోహనకృష్ణ