పదకొండు కొట్ల వీధి

జూన్ 2

కార్పొరేషన్ నుంచి కాగితం వచ్చింది! పాత బజారు వీధుల్లో ఒకదాన్ని ఎంచుకుని బాగుచేస్తారట. కొత్త దీపాలు, ఫుట్‌పాత్, బెంచీలు, కొట్లకి బోర్డులు. రింగురోడ్డు మీద ఆ పెద్ద మాల్ వచ్చినప్పటి నుంచి మా వీధంతా ఈగలు తోలుకుంటోంది. నా కుట్టుమిషన్‌కి తుప్పు పట్టేలా ఉంది. నెలాఖరుకి కొట్టు ఖాళీ చేస్తానని ఓనరుకి చెప్పేశాను. ఇంట్లో వదినకి కూడా తెలియదు. ఇది గనక వస్తే ఎక్కడికీ పోను. పోనంటే పోను.

జూన్ 5

షరతేమిటంటే, కొట్లవాళ్లందరూ ఒకే కాగితం మీద సంతకం చెయ్యాలి. మిగతావాళ్లు సరే. వాచీల మావయ్యకీ చెప్పుల బాబాయికీ ఏడేళ్లుగా ఉప్పూ నిప్పూ. బాబాయి బోర్డు మావయ్య బోర్డుని కప్పేసిందని గొడవ. ఆయన పేరున్న కాగితం నేను ముట్టనమ్మా అని మావయ్య. ముందు ఆయన్ని పెట్టమను, తర్వాత చూద్దాం అని బాబాయి. ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి నా కాళ్లు అరిగాయి. చివరికి పెట్టారు, కాగితానికి ఆ మూల ఒకరు, ఈ మూల ఒకరు.

జూన్ 9

పదకొండు కొట్లు, పదకొండు సంతకాలు. వంటింట్లో గంతులేశాను, వదిన నా నుదురు ముట్టుకుని చూసింది.

జూన్ 14

వీధిలో సందడి ఎంతుందో చూడ్డానికి ఆఫీసరు మేడమ్ ఈ వారంలో చెప్పకుండా వస్తుందట. సందడా! సెలూన్ అన్నకి ఐడియా వచ్చింది. మనమే ఒకరి కొట్టుకి ఒకరం కస్టమర్లుగా పోదాం, ఎవరు కనిపెడతారు అన్నాడు. మలుపులో టీకొట్టు అక్క ఆవిణ్ణి చూడగానే షట్టర్ రెండుసార్లు గట్టిగా లాగాలి. అదే సిగ్నల్. అందరం చప్పట్లు కొట్టాం. ఏం తెలివి, ఏం తెలివి!

జూన్ 17, ఉదయం 11:20

షట్టర్ మోగింది. మెడలో టేపుతోనే పరిగెత్తి వాచీల కొట్లో దూరాను. మావయ్య లేడు. ఎదురుగా నా కొట్లో సెలూన్ అన్న గుడ్డలు తిరగేస్తున్నాడు. వీధంతా కొనేవాళ్లే, అమ్మేవాడు ఒక్కడు లేడు!

మేడమ్ నేరుగా నా దగ్గరికే వచ్చింది. ఆగిపోయిన వాచీ చేతిలో పెట్టి బ్యాటరీ వెయ్యమంది. నేను టైలర్‌నండీ అన్నాను. మరి టైలర్ కొట్లో ఉన్నదెవరని అడిగింది. సెలూన్ ఆయన అన్నాను. మరి సెలూన్‌లో? నేను మెడలో టేపు తీసి మడతపెట్టడం మొదలెట్టాను. ఆవిడ ఏదో రాసుకుని వెళ్లిపోయింది. ఆశలన్నీ గోవిందా.

అదే రోజు, సాయంత్రం 6

సిగ్గుతో చచ్చాం. కానీ ఒక వింత. మావయ్యా బాబాయీ సెలూన్‌లో పక్కపక్క కుర్చీల్లో ఇరుక్కుపోయారట. లేస్తే మేడమ్ చూస్తుంది, కూర్చుంటే పక్కన శత్రువు. ముందు ఎవరు నవ్వారో ఇద్దరూ చెప్పడం లేదు. ఇందాక చూస్తే బాబాయి నిచ్చెనెక్కి తన బోర్డు పక్కకి జరుపుతున్నాడు. మావయ్య కింద నిచ్చెన పట్టుకుని వంకలు పెడుతున్నాడు.

జూన్ 26

వచ్చింది! మాకే వచ్చింది!! మేడమ్ స్వయంగా వచ్చి చెప్పింది. అన్ని వీధులూ తిరిగాను, పక్కకొట్టు గడప తొక్కేవాళ్లే కనబడలేదు, మీరేమో కొట్లు తెరిచి వదిలేసి మరీ తిరుగుతున్నారు, దీపాలైతే నేను వేయించగలను గానీ అంత నమ్మకం ఎక్కణ్ణుంచి తేను అంది. ఒక్కసారిగా అరిచాం అందరం.

అప్పుడు చెప్పింది, పదకొండు కొట్లూ రెండేళ్లు నడవాలని, ఒక్కటి మూసినా రద్దేనని.  కొట్టు ఖాళీ చేస్తానని ఓనరుకి మాటిచ్చిన సంగతి అందరి ముందూ చెప్పేశాను. చెప్పకుండా పోదామనుకున్నావా దొంగమొహమా అని బాబాయి తిట్టాడు. ఆ తిట్టుకే ఏడ్చేశాను. వెంటనే అందరూ కలిసి ఓనరు ఇంటికి నడిచారు, నన్ను నోరెత్తనివ్వలేదు. గుమ్మంలో పదిమందిని చూసి ఆయన గాభరాపడి, ఉండమ్మా, నిన్ను ఎవరు పొమ్మన్నారు అన్నాడు.

జూలై 8

పొద్దున్నే షట్టర్ రెండుసార్లు మోగింది. దీపస్తంభాల లారీ! అందరూ కొట్లు వదిలేసి మలుపు దాకా పరిగెత్తారు. నేను కదల్లేదు. ఎవరో ఒకరు ఉండాలిగా.